మొగలిదిబ్బ ఎక్కిన జీపు

"ముందు సాఫ్టేదమ్మా?"

జీపు కింద గోనెపట్టా మీద వెల్లకిలా పడుకున్న పోలారావు గొంతు నేల లోపలినుంచి వచ్చినట్టు వినిపించింది. దయామణి వంగి చూసింది. గ్రీజు అంటిన రెండు చేతులు, వాటి మధ్య ఖాళీ. ఇంజను బలాన్ని ముందు చక్రాలకు అందించే ఇనప షాఫ్టు ఉండవలసిన చోటు అది.

"ఇంట్లో ఉంది. ఆయనే విప్పీసినారు. డీజిలు తక్కువ తాగుతాదని."

"ఆయనొక్కడే ఏటి! ఉద్దానంలో ఏ జీపు కిందైనా దూరి సూడు, ముందు సాఫ్టుండదు. నాలుగు సక్రాలు లాగే బండిని రెండు సక్రాల బండి సేసీసి, ఇసకలో దిగబడిపోనాదని మళ్ళీ నా కాడికే ఒత్తారు."

అంటూ బయటికి పాకి వచ్చి లేచి కూర్చున్నాడు. కాశీబుగ్గలో అతని షెడ్డు వెనకే జీడిపిక్కల ఫ్యాక్టరీ ఉంది. ఆ పొగ గాలి వాటున వచ్చినప్పుడల్లా కళ్ళు మండుతాయి. అక్కడ పనిచేసేవాళ్ళు తుడుచుకోరు, తుడుచుకుంటే ఇంకా మండుతాయి. దయామణి కొంగుతో తుడుచుకుంది.

షెడ్డు మూల రెండు చెక్కల మీద నాలుగు గేర్ల పెట్టె ఒకటి ఉంది. మిలిటరీ లారీది. విశాఖపట్నం తుక్కు బజారులో పోలారావుకి దొరికింది. పక్కనే పాత జీపు ఇరుసుల్లోంచి తీసిన డిఫరెన్షియల్ పళ్ళచక్రాలు రెండు జతలు కిరసనాయిలు తొట్టెలో మునిగి ఉన్నాయి.

"సెల్లీ, ఇంకోపాలి ఆలోసించుకో" అన్నాడు పోలారావు. "ఈ పెట్టె ఎక్కించి, ముందూ ఎనకా ఈ పళ్ళు మారిత్తే బండికి బలమొత్తాది. పరుగు సచ్చిపోతాది. హైవే మీద నలభై దాటదు. టెక్కలి సర్వీసుకి నీ బండెవలెక్కుతారు? ఎడ్లబండోడు ఎనకనించి అదిలిత్తాడు."

"మనుసులెక్కకపోతే కొబ్బరికాయలు ఎక్కుతాయి."

"కొబ్బరికాయలకి ఇంత బలమేల?"

"మొగలిదిబ్బ ఎక్కాల."

"బరువుతోనా?"

"సవం పెట్టెతో."

పోలారావు చేతిలో ఉన్న గుడ్డతో వేళ్ళు తుడుచుకోవడం ఆపాడు. కొంచెం అవతల టైరు మీద కూర్చున్న అంద్రెయ, దయామణి మరిది, లేచి టీకొట్టు వైపు వెళ్ళిపోయాడు. ఏప్రిల్లో పెట్టె తీసుకెళ్ళిన రోజు బండి నడిపింది అతనే.

దయామణివాళ్ళ పేట నుంచి సముద్రం పక్కన ఉన్న సమాధుల దొడ్డికి వెళ్ళడానికి రెండు దారులు. ఒకటి ఊరి మధ్యగా పోయే సిమెంటు వీధి. ఊరివాళ్ళ శవాలు డప్పులతో ఆ వీధినే పోతాయి. పేటవాళ్ళ శవం మాత్రం ఆ వీధిన పోకూడదు. జీడితోటల వెనకనుంచి తిరిగి, మొగలిదిబ్బ ఎక్కి దిగి పోవాలి. దయామణి కాపురానికి వచ్చిన కొత్తలో ఎనిమిది మంది ఒకరు మార్చి ఒకరు భుజాల మీద ఎత్తుకు వెళ్ళేవారు. ఇప్పుడు భుజాలు లేవు. సగం మంది మగవాళ్ళకు కిడ్నీ జబ్బు, కాళ్ళు నీరు పట్టి నాలుగడుగులు వేస్తే ఆయాసం. మిగిలినవాళ్ళు గుజరాతు రేవుల్లో కూలికి పోయారు. అందుకని రెండేళ్ళుగా జీపు మీదే, ఇసకలో దిగబడుతూ లేస్తూ, పెట్టె వెళుతోంది.

ఏప్రిల్లో వెళ్ళిన పెట్టె దయామణి భర్త షాలేమ్ రాజుది. దిబ్బ సగంలో వెనక చక్రాలు ఇసక తవ్వుకుంటూ తిరిగాయి. అంద్రెయ ఏడుస్తూ యాక్సిలేటరు తొక్కాడు. బండి ఒక్క ఎగురు ఎగిరింది. పెట్టె వెనక్కి జారి పడి మూత ఊడిపోయింది. షాలేమ్ రాజు బోర్లా ఇసకలో పడ్డాడు. దయామణి అతన్ని తిప్పి, కనురెప్పల మీద, పెదాల మధ్య అంటిన ఇసకను కొంగుతో తుడిచింది. ఎంత తుడిచినా ఇంకా కొంత మిగిలే ఉంది. అలాగే మూత వేశారు.

అప్పటినుంచి ఆమెకు అన్నంలో ఇసక తగులుతోంది. బియ్యం మూడుసార్లు చేటలో పోసి చెరుగుతుంది, నాలుగు నీళ్ళు కడుగుతుంది. అయినా రెండో ముద్దకో మూడో ముద్దకో పళ్ళ కింద కరుక్కుమంటుంది. అదే కుండలోది తిన్న అంద్రెయకి తగలదు, అత్తకి తగలదు.

"ఎవలికి బాగోలేదు?" అని పోలారావు నెమ్మదిగా అడిగాడు.

"మా అత్తకి. ఆసుపత్రికి ఇంక తేవద్దన్నాడు డాక్టరు."

పోలారావు మళ్ళీ జీపు కిందకి దూరాడు. "రేపు ఆ సాఫ్టు అట్టుకురా" అని లోపలినుంచి అన్నాడు.

ఆ షాఫ్టు అత్త రత్నాలమ్మ పడుకునే నులకమంచం కిందే ఉంది. గోనెగుడ్డ చుట్టి, రెండు వైపులా నవారు తాడుతో షాలేమ్ రాజు కట్టిన ముడులు అలాగే ఉన్నాయి. దయామణి మంచం కింద నుంచి దాన్ని లాగుతుంటే రత్నాలమ్మ తల తిప్పి చూసింది. మొహం ఉబ్బి కళ్ళు గీతల్లా ఉన్నాయి.

"నా కొడుకు దాసినదా?"

"అవునత్తా."

"ఆడు దాసినవన్నీ ఇలగే. అవసరమైనపుడు మంచం కింద ఉంటాయి."

ముడి విప్పడానికి దయామణికి చాలాసేపు పట్టింది. కోసేస్తే ఒక్క నిమిషం పని. కోయలేదు.

పని మూడు రోజులు పట్టింది. పాత గేరుపెట్టె దింపి కొత్తది ఎక్కిస్తే అది నాలుగు వేళ్ళ పొడవు ఎక్కువైంది. వెనక షాఫ్టు కోసి, కురచ చేసి, మళ్ళీ వెల్డింగు పెట్టించవలసి వచ్చింది. ముందు షాఫ్టుకు ముక్క అతికించారు. దయామణి పొద్దున్నే బస్సెక్కి వచ్చేది, సాయంత్రం వరకు షెడ్డులో స్టూలు మీద కూర్చునేది. ఊరికే కూర్చోలేక పళ్ళచక్రాలు కిరసనాయిల్లో కడిగి, పాత చీర ముక్కతో ఒక్కొక్క పన్ను తుడిచి పెట్టేది. పెద్ద చక్రానికి నలభై మూడు పళ్ళు, చిన్నదానికి ఎనిమిది. విప్పి పక్కన పడేసిన పాత పెద్ద చక్రానికి ముప్పై తొమ్మిదే.

"ఆ నాలుగు పళ్ళలోనే ఉందా బలం?" అని అడిగింది.

"ఆ నాలుగు పళ్ళలో కొంత, ఈ పెట్టెలో సేనా. సిన్న సక్రం ఎక్కువసార్లు తిరగాల, పెద్దది తక్కువ తిరగాల. బేగి ఎల్లడం మానుకుంటే బరువు లాగుతాది. మనుసులూ అంతే. మీ మరిది సూడు, మూడు రోజులనించి నోరు ఇప్పలేదు. ఎంత బరువు లాగుతన్నాడో."

అంద్రెయ వినీ విననట్టు బోల్టులు లెక్కపెట్టుకున్నాడు.

పళ్ళు ఒకదాని మీద ఒకటి సరిగ్గా ఆనుతున్నాయో లేదో తెలియడానికి పోలారావు వాటికి ఎర్రరంగు నూనెలో కలిపి రాసి, తిప్పి, రంగు ఎక్కడ చెరిగిందో చూసేవాడు. చెరగవలసిన చోట చెరగకపోతే మళ్ళీ విప్పి, కాగితమంత పల్చని రేకు ఒకటి వేసేవాడు, లేదా ఒకటి తీసేసేవాడు. మూడో రోజు మధ్యాహ్నం వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, సుద్దముక్కతో చక్రం మీద ఒక గీత, షాఫ్టు మీద ఒక గీత గీశాడు.

"సక్రం రెండు సుట్లు తిప్పు సెల్లీ. నెమ్మదిగా."

ఆమె తిప్పింది. అతను కింద పడుకుని లెక్కపెట్టాడు. షాఫ్టు అయిదు చుట్లు తిరిగి మరో మూడో వంతు తిరిగింది. ముందు చక్రానికీ అదే లెక్క వచ్చేవరకు అతను నమ్మలేదు. ముందుది ఒక లెక్క, వెనకది ఒక లెక్క అయితే నాలుగు చక్రాలూ ఒకదాన్నొకటి పీక్కుని మధ్యలో ఉన్న గేర్లు విరిగిపోతాయట.

"ఇపుడు సూడు" అని, మోటారు వేసి, మొదటి గేరులో పెట్టి, నాలుగు చక్రాలకూ బలం కలిపి పరుగు తగ్గించే చిన్న లివరు కిందికి నొక్కి, క్లచ్చి వదిలేసి, బండి నడుస్తుండగానే కిందికి దిగిపోయాడు. జీపు డ్రైవరు లేకుండా షెడ్డులోంచి బయటికి నడిచింది. ఇంజను అరవలేదు. గొణుగుతూ ఉంది. పోలారావు దాని పక్కన నడిచాడు. కాస్త నడిచి, దాన్ని దాటిపోకుండా ఆగవలసి వచ్చింది. టీకొట్టు దగ్గరివాళ్ళు కేకలేసి నవ్వారు.

"ఓలమ్మా! మా అత్త కూడా దీనికన్నా బేగి నడుత్తాది!" అన్నాడు వాళ్ళలో ఒకడు.

దయామణి మాత్రం స్టూలు మీంచి లేచి నిలబడింది. స్టీరింగు వెనక ఖాళీ సీటు. చక్రాలు తమంతట తాము తిరుగుతున్నాయి. ఇలా నడవడం తెలిసిన బండి ఏడు నెలల కిందట ఉండి ఉంటే అనుకుంది. ఆ షాఫ్టు మంచం కింద కాక బండి కింద ఉండి ఉంటే. దాన్ని విప్పినవాడే ఇసకలో పడ్డాడు.

మర్నాడు పొద్దున్న దిబ్బ ఎక్కించి చూద్దామంది. రెండు బియ్యం బస్తాలు ఒకదాని వెనక ఒకటి పరిచి, తాడు కట్టారు. కట్టాక చూస్తే మనిషి పడుకున్నంత ఉంది. అంద్రెయ డ్రైవరు సీట్లో కూర్చుని, వెనక్కి చూపే అద్దాన్ని పైకి, కప్పు వైపు తిప్పేశాడు.

జీడితోట దాటాక ఇసక మొదలైంది. రెండు పక్కలా మొగలి పొదలు, పైన సరుగుడు చెట్ల హోరు. గాలికి దిబ్బ ఎన్నిసార్లు రూపు మారిందో, ఏప్రిల్లో చక్రాలు తవ్విన గుంట ఎక్కడా లేదు. అయినా ఒకచోట అంద్రెయ బండి ఆపాడు. అక్కడే అని దయామణికీ తెలుసు.

"వొదినా" అన్నాడు స్టీరింగు వైపు చూస్తూ. మూడు రోజుల్లో అదే మొదటి మాట. "అన్న కళ్ళు తెరుసుకున్నాడేమో అనిపించింది నాకారోజు. పడినపుడు."

"మూసే ఉన్నాయి. నాను తుడిసినాను కదా."

"నాను సూడలేదు."

"మూసే ఉన్నాయి అంద్రెయా. పోనీ."

అతను క్లచ్చి వదిలాడు. నాలుగు చక్రాలూ ఒకేసారి ఇసకను పట్టుకున్నాయి. తవ్వలేదు, ఎగరలేదు. అడుగు తరవాత అడుగు వేసుకుంటూ దిబ్బ ఎక్కింది. ఆ నెమ్మదిలో దయామణికి ఎడమ పక్కన ఇసకలో ఎవరో బండితో సమంగా నడుస్తున్నట్టనిపించింది. కాళ్ళు ఇసకలో దిగి లేస్తున్న చప్పుడు. తిరిగి చూస్తే సరుగుడు నీడలు. మళ్ళీ ముందుకు తిరిగితే మళ్ళీ చప్పుడు. దిబ్బ మీదికి చేరేవరకు ఆమె రెండోసారి తిరిగి చూడలేదు. పైన సముద్రపు గాలి మొహానికి కొట్టింది. వెనక బస్తాలు వేలెడు కూడా కదలలేదు.

దిగి వస్తుంటే దిబ్బ మొదట్లో ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. ఒకరు ఊరి పెద్ద చిన్నారావు. రెండో ఆయన్ని ఆమె ఎరగదు. చేతిలో ప్యాడు, జేబులో రెండు పెన్నులు, ఇసక పడకుండా మడిచిన ప్యాంటు.

"ఈయన రెవెన్యూ ఇనస్పెక్టరుగారు, శరత్ చంద్రగారు" అన్నాడు చిన్నారావు. "మే నెల్లో మీ పేటోలు అర్జీ ఎట్టినారు కదా, ఈధిలోంచి దారిమ్మని. దాని మీద ఎంకోయిరీకి ఒచ్చినారు."

దయామణి గబగబా దిగి నమస్కారం పెట్టింది. ఆ అర్జీ ఆమె రాయించినదే. ఆరు నెలలు ఎవరూ రాలేదు. ఇన్నాళ్ళకు ఒక మనిషి ఇంత దూరం ఇసకలో నడిచి వచ్చాడు. ఆమెకు మనసు నిండిపోయింది.

"ఈ దిబ్బేనామ్మా? దీని మీద వాహనం వెళ్ళదని రాశారు" అన్నాడాయన. మంచి మాటే. గొంతులో విసుగు లేదు.

"ఎల్లేది కాదు బాబూ. ఏప్రిల్లో మా ఆయన పెట్టె ఇక్కడే పడిపోనాది. ఇపుడు ఎల్తంది. గేర్లు మార్పించినాం."

"ఇంత ఇసకలోనా?"

"ఎక్కండి బాబూ, సూపిత్తాను."

తాను చేయించిన పనిని ఒక ఆఫీసరు చూడాలని ఉంది ఆమెకు. మూడు రోజులు ఒక్కొక్క పన్ను తుడిచింది. ముందు సీటు కొంగుతో దులిపి ఆయన్ని కూర్చోబెట్టింది. అంద్రెయ ఏదో అనబోయాడు. ఆమె వినలేదు. బండి మళ్ళీ అలాగే, గొణుగుతూ, పైదాకా ఎక్కి దిగింది. దిగాక శరత్ చంద్ర చెయ్యి బానెట్టు మీద వేసి మెచ్చుకున్నాడు.

"నాకు నడుం కూడా కదల్లేదమ్మా. మా ఆఫీసు జీపు తారురోడ్డు మీద ఇంతకన్నా ఎగురుతుంది."

దయామణి నవ్వింది. ఏప్రిల్ తరవాత నవ్వడం అదే మొదలేమో.

ఆయన బానెట్టు మీదే ప్యాడు పెట్టి రాశాడు. రాసింది చదివి వినిపించాడు. మొగలిదిబ్బ మార్గమును స్వయముగా పరిశీలించితిని. సదరు మార్గమున వాహనము బరువుతో సహా ఏ ఇబ్బందియు లేక ప్రయాణించుచున్నది. అర్జీదారు దయామణి కూడా ఇది వాస్తవమని తెలిపినది.

"నిజమేనామ్మా?"

"నిజమే బాబూ."

"ఇక్కడ సంతకం."

ఆమె ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు రాసి సంతకం పెట్టింది. చిన్నారావు సాక్షిగా పెట్టాడు. ఇద్దరూ సరుగుడు తోట నీడన వెళ్ళిపోయారు. చిన్నారావు ఏదో అంటే ఆఫీసరు తల ఊపాడు.

వాళ్ళు కనబడకుండా పోయాక అంద్రెయ అన్నాడు: "ఏటి సేసినావొదినా?"

"ఏటి సేసినాను? ఉన్నదే రాసినాడు."

"ఉన్నదే. దిబ్బ మీద బండి ఎల్లదు కాబట్టి ఈధి ఇమ్మన్నాం. ఇపుడు ఎల్తాదని మనమే సూపించినాం. ఇంక ఈధి ఏలని అడగరా?"

దయామణి జీపు వైపు చూసింది. ఎండలో దాని బానెట్టు మీద ఆఫీసరు చెయ్యి అంటిన చోట దుమ్ము చెరిగి ఉంది.

ఇంటికి వచ్చాక రత్నాలమ్మకి చెప్పకుండా ఉండలేకపోయింది. మంచం పట్టె మీద కూర్చుని అంతా చెప్పింది. ఆ ముసలామె కళ్ళు మూసుకునే విన్నది. తరవాత పొట్ట కదిలేలా నవ్వింది. నవ్వు దగ్గయింది.

"ఊరోలు దారియ్యక్కర్లేకుండా నువ్వే దారి సేయించి ఎట్టినావే! ఇంత తెలివైన కోడలు ఏ ఊల్లో ఉంటాదే?"

"నవ్వకత్తా."

"నవ్వకేటి సేత్తాను? నన్ను ఎటునించి తీసుకెల్తే నాకేటి, నాను సూత్తానా? నువ్వూ అంద్రెయా సూత్తారు. మీ బతుకు మీరు సూసుకోండి."

ఆ పూట అన్నం ముందు కూర్చుని దయామణి ఒక్క ముద్దే తిన్నది. ఇసక తగిలింది. ఉమ్మలేదు, మింగేసింది.

నాలుగో రోజు, గురువారం పొద్దున్న రత్నాలమ్మ పోయింది. కూజా నీళ్ళు అడిగి, తెచ్చేలోపే పోయింది. దయామణి ఆమెకు స్నానం చేయించి తెల్లచీర కట్టింది. మధ్యాహ్నం మూడింటికి పాస్టరుగారు ప్రార్థన చేశారు. పెట్టెను జీపు మీద ఎక్కించడానికి ఆరుగురు దొరికారు. అందులో ఇద్దరు ఆడవాళ్ళు. వెనక నలభై మంది పాట అందుకున్నారు.

పేట దాటాక దారి చీలుతుంది. కుడికి జీడితోట, ఇసక. తిన్నగా సిమెంటు వీధి. అక్కడ అంద్రెయ బ్రేకు తొక్కాడు. అతను దయామణి వైపు చూడలేదు, కుడి వైపూ చూడలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ఊరుకున్నాడు. వెనక పాట ఒక చరణం దగ్గర నీరసించి ఆగింది.

దయామణి ముందు సీట్లోంచి దిగింది. పెట్టెకు కట్టిన తాడు ఒకసారి లాగి చూసింది. బండి ముందుకు వచ్చి, వీధిలోకి నడిచింది.

వెనక చిన్న లివరు పడిన చప్పుడు వినిపించింది. తరవాత ఇంజను గొణుగు.

వీధి పెద్దదేమీ కాదు. రెండు పక్కలా అరుగులు, పెంకుటిళ్ళు, మధ్యలో గుడి. కొబ్బరి పీచు ఆరబెట్టుకుంటున్న వాళ్ళు చేతుల్లో పీచుతోనే నిలబడిపోయారు. ఒక ఇంటి తలుపు మూసుకుంది. బొడ్డమ్మ అనే ఆవిడ, దయామణి జీపులో ఎన్నోసార్లు టెక్కలి ఆసుపత్రికి వెళ్ళిన మనిషి, అరుగు మీద చేపల తట్ట ముందేసుకుని కూర్చుని ఉంది. తట్ట మీద గుడ్డ కప్పి లేచి నిలబడింది. దయామణి కాళ్ళు సిమెంటు మీద పడుతున్న చప్పుడు తనకే వినిపిస్తోంది. మొగలిదిబ్బ మీదిలా లేదు. గట్టిగా ఉంది. ఎనిమిది అడుగులు వేసి బండి కోసం ఆగుతోంది, మళ్ళీ ఎనిమిది అడుగులు వేస్తోంది.

గుడికి ఇవతలే చిన్నారావు అడ్డంగా వచ్చాడు. అన్నం మధ్యలో లేచినట్టున్నాడు, కుడి చేతికి మెతుకులు అంటి ఉన్నాయి.

"ఏటిది దయామణీ? దిబ్బ ఎక్కుతాదని నువ్వే సంతకం ఎట్టినావు. ఆఫీసరు సేతికిచ్చినావు."

"ఎట్టినాను బాబూ. ఎక్కుతాది. అబద్ధం ఆడలేదు."

"మరి?"

"దిబ్బ ఎక్కలేక ఇటు రాలేదు బాబూ."

ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చాక ఆమెకే తెలిసింది, ఇన్నాళ్ళూ అర్జీలో రాయవలసినది అదేనని. చిన్నారావు దగ్గర ఉన్న జవాబు దిబ్బ గురించినది. దానికి ఇక్కడ పని లేదు. వెనకనుంచి జీపు ఆగకుండా వస్తూనే ఉంది. అది అంత నెమ్మదిగా వస్తోంది కాబట్టి తప్పుకోవడానికి అతనికి చాలా సమయం ఉంది. ఆ సమయమంతా వీధి వీధంతా అతన్నే చూసింది. బంపరు పంచెకు తగలబోయేంత దగ్గరికి వచ్చాక పక్కకు జరిగాడు.

దయామణిని వదిలి అంద్రెయ వైపు వెళ్ళి, అద్దం దగ్గర గొంతు తగ్గించి అన్నాడు: "సర్లేరా. ఒచ్చేసినారు. గుడి కాడ ఆపకండి. బేగి పోనీరా, బేగి."

రెండో గేరు ఉంది. మూడోదీ ఉంది. అందులో వేస్తే బండి గబగబా ఆ వీధి దాటిపోతుందని అంద్రెయకి తెలుసు. దయామణికీ తెలుసు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. అంద్రెయ చెయ్యి గేరు కర్ర మీద లేదు. తొడ మీద ఉంది.

"ఇది ఇంతే పోతాది బాబూ" అన్నాడు.

వెనకవాళ్ళు ఆగిపోయిన చరణం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు. వీధి దాటేలోపు ఆ పాట పూర్తిగా పాడారు, ఒక్క చరణం కూడా వదలకుండా.